వేలెడు దూరం

ఏడుమంది అనకుండా ఉండాల్సింది, అయిదుగురితో ఆపుకోనుంటే కత కాస్త నమ్మేటట్టన్నా ఉండు, అయినా ఒకసారి నోట్లోంచి బయటికొచ్చిన మనిషిని తిరిగి లోపలికి తోసేది యెట్లా, అని అజ్మతుల్లా మాస్టరు బస్సు కిటికీ కమ్మీకి నెత్తి ఆనించుకోని అనుకుంటా ఉండాడు, పక్కసీట్లో తువ్వాలు భుజానేసుకున్న పెద్దాయన మాత్రం వదిలేటట్టు లేడు, చిత్తూరు బస్టాండులో ఎక్కినప్పుడే మీరు కరాటే మాస్టరు గదా, మా మనవడు మీ దగ్గర రెండు యెండాకాలాలు నేర్చుకున్నాడు అని చేతులు పట్టుకున్నాడు, పేరు వరదయ్య అంట, తవుడూ చెక్కా అమ్మే అంగడంట, ఇప్పుడేమో మోచేత్తో పొడిచి, అది సరే సామీ, ఆ ఏడుమందీ ఒకేతూరి మీదపడినారా, లేకుంటే రేషనంగడి మాదిరి వరస కట్టినారా అని అడుగుతా ఉండాడు, ఒకేతూరే అన్నాడు మాస్టరు, అన్నది మాస్టరు కూడా కాదు, ముప్పై యేండ్ల అలవాటు అనేసింది, మొదట్లో ఆ పూతలపట్టు కతలో ఉన్నింది ఇద్దరే, తొంభై మూడులో, మునిసిపల్ స్కూలు గ్రౌండులో క్లాసు పెట్టిన కొత్తలో, పదకొండుమంది పిలకాయలకు ఇద్దరు రౌడీలు సరిపోయినారు, పిలకాయలు నలభై అయ్యేసరికి రౌడీలు నలుగురైనారు, ఒకడికి కత్తి మొలిచింది, ఇంకొకడి చేతికి సైకిలు చైను వచ్చింది, బ్లాక్ బెల్టులు తయారయ్యే కాలానికి ఏడుమంది, మేకల మంద కూడా అంత బిరీన పెరగదు, కుడికాలు ఇట్లా తిప్పినానో లేదో ముగ్గురు పోయి చింతచెట్టుకు తగులుకున్నారు, ఆ దెబ్బకు ఆ చెట్టు రెండేండ్లు పూత పుయ్యలేదు, అని చెప్తే పిలకాయలు నోళ్లు తెరుచుకోని చూసేవాళ్లు, ఆ తెరిచిన నోళ్లు చూస్తే తనకు నిజంగానే కుడికాలు నొప్పి పుట్టేది, అంత బాగా తన్నినట్టుండేది, వరదయ్య మళ్లా పొడిచినాడు, అదంతా సరే గాని సామీ, నిజం చెప్పు, ఎవుడన్నా నిజంగా కొట్టేకొస్తే ఈ కరాటే పనికొస్తాదా, మా అంగట్లో మూటలు మోసేవాడుండాడు, వానికి మొలతాడు తప్ప ఏ బెల్టూ లేదు, వాడొక్కటిచ్చినాడంటే మనిషి మూడు దినాలు లెయ్యడు, మా మనవడు ఆకుపచ్చ బెల్టు, వీధికుక్క అరిస్తే మేడెక్కుతాడు, అని చెప్పి ఆయప్ప తన మాటకు తానే నవ్వుకున్నాడు, ఆ ప్రశ్నకు జవాబు తెలిసిన మనిషి ఆ బస్సులో ఒకడే ఉండాడు, వాడు కిటికీ కమ్మీని ఊడదీసేటట్టు పట్టుకోని కూర్చోనుండాడు.

ఎందుకంటే వాడు పోతా ఉండేది తిరపతి ఆసుపత్రికి, అక్కడ మూడు దినాలుగా లోహిత పడుకోనుంది, పంతొమ్మిదేండ్ల పిల్ల, తన దగ్గర ఎనిమిదేండ్లు నేర్చుకోని బ్లాక్ బెల్టు కట్టుకున్న పిల్ల, తిరపతిలో డిగ్రీ చదువుతా ఉండాది, మొన్న సాయంత్రం ఆరున్నరకు, ఇంకా వెల్తురుండగానే, అలిపిరి దోవలో హాస్టలుకు నడిచిపోతా ఉంటే బండి మీదొచ్చిన ఇద్దరు భుజానుండే సంచి పట్టుకోని గుంజినారు, పక్కనుండే పల్లవి, దాని రూములో పిల్ల, సంచి వదిలేసెయ్యే అని అరిచి పది అడుగులు పరిగెత్తి తిరిగి చూసింది, లోహిత పరిగెత్తలేదు, బ్లాక్ బెల్టు గదా, నిలబడింది, వెనక కూర్చున్నోడు బండి దిగితే వాని మొగానికి గురిపెట్టి చెయ్యి విసిరింది, విసిరిన చెయ్యి మధ్యలో ఆగిపోయింది, వాడు నెత్తినుండే హెల్మెట్టు తీసి దాంతోనే మొగాన కొట్టినాడు, చెంప యెముక విరిగింది, కిందపడితే కుడిచెయ్యి తొక్కినాడు, రెండు వేళ్లు విరిగినాయి, ఇదంతా పల్లవి ఫోనులో చెప్పింది, భయంతో చెయ్యి ఆగిపోయింది సార్ పాపం దానికి అని యేడ్చింది, హాస్టలంతా అదే మాట, బ్లాక్ బెల్టయితే యేంది, ఆడపిల్ల ఆడపిల్లే గదా, వణుకు పుట్టుంటాది, అందరికన్నా గట్టిగా ఆ మాట అంటా ఉండేది లోహితే అంట, వాళ్ల నాయన మునిచంద్ర నిన్న చేసిన ఫోను చెవుల్లోంచి పోలేదు, అది అన్నం తినేది లేదు సార్, గోడ తట్టు తిరుక్కోని, నేను పిరికిదాన్ని నాయనా, నాకు చదువొద్దు, హాస్టలొద్దు, ఇంటికి తీసుకోనిపో, ఎవురినన్నా చూసి పెండ్లి చేసెయ్యి అంటా ఉండాది, ఇట్లాంటి మాట దాని నోట్లో నేనెప్పుడూ వినలేదు సార్, మీరొచ్చి నాలుగు మాటలు చెప్పండి, ఆ పూతలపట్టు కత ఇంకొకతూరి చెప్పినారంటే దానికి ధైర్యమొస్తాది, చిన్నప్పుడు జరమొచ్చినా ఆ కతే చెప్పమనేది, అన్నాడు, మాస్టరుకు ఆ మాట కంటే ముందు పల్లవిని తానడిగిన మాట గుర్తొచ్చింది, చెయ్యి ఎంత దూరంలో ఆగింది పాపా అని అడిగినాడు, అదేం ప్రశ్న సార్ అని ఆ పిల్ల బిత్తరపోయి, ముక్కుకు ఇదో ఇంత, వేలెడు దూరంలో అనింది, అంతే, ఆ పొద్దు తన టైలరంగట్లో కుట్టుమిషను మీద ఎవురిదో రవిక సగం కుట్టింది సగంలోనే ఉండిపోయింది, కాలు ఆడలేదు, పొద్దున బయలుదేరేటప్పుడు భార్య జైనబ్ బీ రాగిజావ క్యారియరు చేతికిచ్చి, దవడ ఆడదు గదా బిడ్డకి, పలచగా చేసినాను, తాగించండి, అని చెప్పి గడప దాటేదాకా ఆగి, ఇంకో మాట, ఆ పిల్లకి మాత్రం ఏడుమందిని చూపించాకండి, అనింది, ముప్పై రెండేండ్ల కాపురంలో ఆ కత మీద ఆమె అన్న మొదటి మాట అది.

పూతలపట్టు, దిగేవాళ్లు దిగండప్పా, అని కండక్టరు అరిస్తే వరదయ్య ఎగిరి లేచినాడు, ఈడే గదా సామీ, ఆ చెట్టు యాడుండాది, చూపిస్తే నేను మనవడికి చెప్తా, మాస్టరు బయటికి చూసినాడు, చెట్టు లేదు, రోడ్డు వెడల్పు చేసినప్పుడు కొట్టేసినారు, ఆ జాగాలో బేకరీ ఉండాది, చెట్టు పోయినా టీ బెంచీ వేసిన చోటు మాత్రం కాళ్లకు తెలుసు, ఆ పొద్దు తాను కూర్చున్నింది ఆ బెంచీ మీదే, తిరపతిలో పోటీ గెలిచి, సంచిలో కప్పు పెట్టుకోని, అది బయటికి కనపడేటట్టు సంచి తెరిచిపెట్టుకోని, మద్రాసులో నేర్చుకోనొచ్చిన కరాటే వొళ్లంతా బుసకొడతా ఉండగా, పక్కన చెరుకు బండి తోలేవాడొకడొచ్చి కొంచెం జరగప్పా అన్నాడు, జరగలేదు, ఎందుకు జరగలేదు, కప్పుండాదని, వాడు సంచిని పక్కకు తోసి కూర్చున్నాడు, ఒక్కడే, ఇద్దరు కాదు నలుగురు కాదు, ఒకే ఒక్కడు, బక్కోడు, బీడీ తాగుతా ఉండాడు, తాను లేచి కాళ్లు ఎడంగా పెట్టి నిలబడి పళ్లు కొరికి వాని ముక్కుకు గురిచూసి గుద్దు గుద్దినాడు, నిజంగానే గుద్దాలనుకున్నాడు, దేవుని సాక్షిగా గుద్దాలనే అనుకున్నాడు, చెయ్యి పోయి వాని ముక్కు కొనకు వేలెడు దూరంలో టక్కున నిలబడిపోయింది, పోటీల్లో నిలబడినట్టు, ఎవురో వెనక నుంచి మోచెయ్యి పట్టుకున్నట్టు, వాడు రెండు కండ్లూ మెల్లకండ్లు చేసి ఆ పిడికిలినే చూసినాడు, బీడీ పొగ దాని మీదికి వదిలి, ఏమప్పా, నా ముక్కు మీద ఈగ వాలిందా, తోల్తా ఉండావా అన్నాడు, టీ అంగడంతా నవ్వింది, తరవాత వాడు తొందరేమీ పడకుండా ఒంగి, కాలి చెప్పు తీసి, ఒకటి, రెండు, మూడో దెబ్బకు తాను రోడ్డు దాటి చెరుకు తోటలో ఉండాడు, చొక్కా చినిగి, ఒక కాలి బూటు లేకుండా, ఆకులు వీపంతా కోస్తా ఉంటే బస్సు వచ్చేదాకా ఆన్నే పడుకున్నాడు, ఇంటికి పోతే కొత్త పెండ్లికూతురు జైనబ్ దీపం ముందర పెట్టుకోని వీపు మీద చెరుకాకు నూగు సూదితో తీసింది, ఎవురు కొట్టినారంటే, ఇద్దరు అన్నాడు, ఇద్దరు మనుషులు కొడితే చెరుకాకు గీతలెట్లా పడతాయని ఆమె అడగలేదు, అడిగుంటే, ఆ ఒక్క ప్రశ్న ఆ పొద్దే అడిగుంటే, లేదు, ఆమె మీదికి తోసేది కూడా ఒక బతుకేనా, ఆ చెట్టు ఈడ కాదు పెద్దాయనా, దాటిపోయింది, అన్నాడు మాస్టరు, వరదయ్య అట్లనా అని కూర్చోని, సంచిలోంచి వేరుశనక్కాయలు తీసి పెట్టినాడు.

కరాటే అబద్ధమైనా బాగుండు, మంత్రగాని తాయెత్తు మాదిరి ఉత్తదే అయ్యుంటే అది నమ్మినోని ఖర్మ అనుకోవచ్చు, అది అబద్ధం కాదు, తంటా అంతా అదే, చెయ్యి నేర్పినంతా నేర్చుకుంటాది, ఒక్క గింజ తక్కువ చెయ్యదు, పోటీలో చర్మానికి తగలకుండా ఆపి, రెండడుగులు వెనక్కి వేసి నిలబడితే పాయింటు, తగిలితే తప్పు, మొగాన నెత్తురొస్తే పోటీ నుంచే బయటికి, ఆటకు అది న్యాయమే, పిలకాయల ముక్కులు మిగలాల గదా, ఆ న్యాయం రోడ్డు మీదికి కూడా చేతుల్లోనే కూర్చోని వస్తాదని చెప్పాల్సినోడు చెప్పలేదు, మెత్తని సంచులు తెచ్చి, తాడుకు వేలాడగట్టి, పూర్తిగా కొట్టడం కూడా నేర్పుండొచ్చు, అన్నిటికన్నా ముందు చేతిలో ఉండే సంచి వాళ్ల మొగాన కొట్టి పరిగెత్తండ్రా అని నేర్పుండొచ్చు, పరిగెత్తేది తనకంటే బాగా తెలిసినోడు జిల్లాలో యెవుడుండాడు, కానీ ఏడుమందిని పడగొట్టినోడు పరిగెత్తమని యెట్లా చెప్తాడు, కత వాని నోరు కట్టేసింది, ఎండలో మూడు దినాలు పెట్టిన పెంకులు, మధ్యలో సందు పెట్టి పేర్చి, పిలకాయల అమ్మానాయన్ల ముందర ఫెళ్లున పగలగొట్టి, ఆ పెంకులు కోడి యెగిరి దూకినా పగిలేటివే, చప్పట్లు కొట్టించుకున్నాడు, లోహిత అట్లా కాదు, లోహిత పుట్టుకతోనే కొట్టేది, పదేండ్లప్పుడు జడ లాగిన మగపిల్లోని ముక్కు పగలగొడితే మునిచంద్ర బండి మీద కూర్చోబెట్టుకోని తీసుకోనొచ్చి, చెయ్యి దుడుకు సార్ దీనికి, దోవలో పెట్టండి అన్నాడు, మొదటి నెలలోనే రూపశ్రీ అనే పిల్ల పెదవి చీలింది, అప్పుడు తాను చేసిన పని, అంగట్లోంచి నల్లగుడ్డ తెచ్చి తాడుకు వేలాడగట్టి, దాని మీద గుడ్డలు కత్తిరించే సుద్ద మందంగా రుద్ది, కొట్టమ్మీ, వేళ్ల కణుపులకు తెల్లగా అంటిందా, పది గుంజీలు, మళ్లా కొట్టు, మళ్లా అంటిందా, ఇంకో పది, దినానికి నూరు, రెండు నూర్లు, ఆ పిల్ల కాళ్లు వాచిపోయి మెట్లు ఎక్కలేక కూర్చోని ఎక్కేది, యేడాది తిరిగేసరికి కణుపుల మీద సుద్ద లేదు, రెండేండ్లకు కండ్లు మూసుకోని కొట్టినా గుడ్డకు వేలెడు దూరంలో చెయ్యి నిలబడేది, గాలికి గుడ్డ ఊగితే చెయ్యి కూడా దాంతో వెనక్కి పోయేది, చూడండ్రా, ఇదీ కంట్రోలంటే అని అందరినీ పిలిచి చూపించినాడు, ఒక బిడ్డకు దేవుడిచ్చిన దెబ్బను రెండేండ్లు కష్టపడి గోటితో గిల్లినట్టు గిల్లి తీసేసినాడు, తీసేసిన జాగాలో ఏడుమంది కతను పెట్టినాడు, పారిపోవాలనే బుద్ధి కూడా లేకుండా చేసినాడు, ఇంక ఆ పిల్లకు మిగిలిందేంది, నిలబడేది, నిలబడి తన్నులు తినేది.

మునిచంద్ర ఆసుపత్రి మెట్ల కాడికి యెదురొచ్చినాడు, కండ్లు వాచిపోయుండాయి, రాండి సార్ రాండి, మీరొచ్చినారని చెప్తే లేచి కూర్చుంది, అన్నాడు, ఆ మర్యాద వొంటికి తేలు పాకినట్టుంది, కాలర్ పట్టుకోనుంటే ఎంత బాగుండు, వార్డులో ఫినాయిలు వాసన, ఆరో మంచం, లోహిత మొగం ఎడమ పక్క వంకాయ రంగు, కన్ను గీత మాదిరి సన్నబడింది, కుడిచేతికి కట్టు, తనను చూసి ఆ కట్టు చెయ్యి తొడకు ఆనించి నడుము వంచి దండం పెట్టబోయింది, క్లాసులో పెట్టినట్టు, వద్దు పాపా, వంగొద్దు, అన్నాడు, మునిచంద్ర జావ క్యారియరు అందుకోని, స్టూలు లాగి, కూర్చోండి సార్, చెప్పండి, ఆ పూతలపట్టు సంగతి చెప్పండి, ఎట్లాంటి గురువు కాడ నేర్చుకున్నిందో దానికి మళ్లా గుర్తు రావాల, అన్నాడు, లోహిత మాట పెదవుల మధ్య నుంచి నలిగి నలిగి వచ్చింది, సార్, మీ పేరు పోగొట్టినాను, చెయ్యి ముందుకు పోయింది సార్, బాగానే పోయింది, భయపడి ఆగిపోయింది, మీరు ఏడుమందిని, నేను ఒక్కన్ని కూడా, అని ఆగి, నేను కరాటేకి పనికిరాను సార్, దేనికీ పనికిరాను అనింది, ఏడుమందీ అప్పటికే గొంతు కాడికి వచ్చి నిలబడుకోనుండారు, కత్తులూ చైనులూ పట్టుకోని, చెప్పు చెప్పు అంటా ఉండారు, ఒక్క మాట చాలు, భయం అందరికీ ఉంటాది పాపా, నాకూ ఆ పొద్దు మొదట భయమేసింది, తరవాత, అని మొదలుపెడితే మిగతాది దానంతటదే నడుస్తాది, ఈ పిల్ల ఒక కంటితోనే నవ్వుతాది, తాను సాయంత్రం బస్సుకు పేరూ ప్రతిష్ఠా అంతా సంచిలో సర్దుకోని పోవచ్చు, ఈ పిల్ల మాత్రం పిరికిదాన్నని ఒప్పుకోని, యెవుడో ఒకడి వెనక తలొంచుకోని బతుకుతాది, బతికినన్ని నాళ్లూ తన చెయ్యిని తాను అసహ్యించుకుంటాది.

చెయ్యి ఆగినాక ఏం చేసినావు పాపా అని అడిగినాడు, రెండడుగులు వెనక్కి వేసినాను సార్ అనింది, ఎందుకు, ఏమో సార్, పాయింటుకేమో, అనింది, మునిచంద్రకు అర్థం కాలేదు, మాస్టరుకు అర్థమయింది, అది చెప్పక తప్పలేదు, భయపడిన చెయ్యి అట్లా ఆగదు పాపా, భయపడిన చెయ్యి లేవనే లేవదు, లేచినా వణుకుతాది, మొగం కప్పుకుంటాది, నీ చెయ్యి సూటిగా పోయి ముక్కుకు వేలెడు దూరంలో ఆగింది, నేను సుద్దగుడ్డ మీద ఆపమన్న చోటే ఆగింది, నీకు భయం కాదు, నా పాఠం, నువ్వు నేను చెప్పింది చెప్పినట్టు చేసినావు, నాకూ ఆ పొద్దు చెయ్యి ఆడనే ఆగింది, పూతలపట్టులో, ఏడుమంది లేరు, ఒక్కడే, చెరుకు బండోడు, నన్ను చెప్పుతో కొట్టినాడు, నేను చెరుకు తోటలోకి పరిగెత్తినాను, మునిచంద్ర మొదట నవ్వినాడు, సార్ ఎప్పుడూ ఇంతే, తమాషా, అని, తరవాత మాస్టరు మొగం చూసి నవ్వు ఆపుకున్నాడు, లోహిత నవ్వలేదు, ఇది మీకు ఎప్పుడు తెలిసింది సార్, చెయ్యి ఆగిపోతాదని, అనింది, ఇప్పుడే తెలిసింది పాపా అంటే సరిపోయుండు, ఆ మాట కూడా నాలిక మీదికి వచ్చింది, అబద్ధాలకు ఆ నాలిక మీద కాలిబాట పడిపోయింది గదా, తొంభై మూడులో, అన్నాడు, నేను పుట్టకముందే, అనింది, అవును పాపా, తెలిసీ నాకు సుద్ద పూసినారా, అవును, తెలిసీ నాకు ఆ కత చెప్పినారా, జరమొచ్చినప్పుడు కూడా, అవును, వార్డులో ఎవురిదో స్టీలు గ్లాసు కిందపడి దొర్లింది, లోహిత ఆ బాగున్న కంటితో తనను మొగం మీద నుంచి కాళ్ల దాకా చూసి, మళ్లా మొగం మీదికి వచ్చి, నాయనా, ఆయన్ని పొమ్మను, అనింది, మునిచంద్ర, ఛీ ఏం మాటలే అవి, గురువును అట్లంటారా అని గద్దించినాడు, ఆ పిల్ల గొంతు పెంచలేదు, పొమ్మను నాయనా, నేను ఊరికి రాను, నాకు వచ్చే నెల పరీక్షలుండాయి, పల్లవిని పుస్తకాలు తెమ్మను, అనింది, గోడ తట్టు తిరగలేదు, తననే చూస్తా అనింది.

బయట వరండాలో బల్ల మీద కూర్చున్నాడు, లోపలికి పోయి ఇంకొక్క మాట చెప్పి రావాలని ప్రాణం కొట్టుకుంటా ఉండాది, నేను కూడా చిన్నోన్ని పాపా అప్పుడు, నవ్వుతారని భయమేసింది, తరవాత చెప్దామనుకుంటే కత పెద్దదైపోయింది, మా నాయన బతికుండి బుద్ధి చెప్పుంటే ఇట్లా అయ్యుండదు, ఇట్లాంటివి నూరు మాటలుండాయి, అన్నీ బాగుంటాయి, వింటే ఆ పిల్ల కరిగినా కరుగుతాది, మెత్తటి బిడ్డ, జావ తాగుతా ఏడ్చి, పోనీలెండి సార్ అన్నా అంటాది, లేచినాడు, తలుపు దాకా పోయినాడు, అద్దంలోంచి లోహిత కనపడింది, మునిచంద్ర ఏదో బతిమాలతా ఉంటే ఆ పిల్ల తల అడ్డంగా ఊపుతా ఉండాది, వీపు నిటారుగా ఉండాది, మూడు దినాలుగా నేను పిరికిదాన్నని అంటా ఉండిన మొగంలో ఇప్పుడు ఆ మాట యాడా లేదు, అది ఉండిన జాగాలో తన మీద అసహ్యం కూర్చోనుంది, గట్టిగా, ఎముక అతుక్కున్నట్టు, దాని మీద ఆనుకోనే ఆ పిల్ల లేచి కూర్చుంది, అది పీకేస్తే మళ్లా పడిపోతాది, కాబట్టి దాన్ని మెత్తబెట్టడానికి తాను ఇంక ఒక్క మాట కూడా చెప్పకూడదు, ఈ జన్మలో ఆ బిడ్డకు తాను చెయ్యగలిగిన సాయం నోరు మూసుకోని ఆమెకు చెడ్డవాడిగా మిగిలిపోవడమొక్కటే, అని అజ్మతుల్లా మాస్టరుకు తెలిసింది, తలుపు మీద పెట్టిన చెయ్యి తీసేసినాడు.